గేటు దగ్గర మా మేనల్లుడు

ఆ, ఎక్కడ ఆపాను? మౌస్ దగ్గర కదూ. మౌస్ ముట్టుకున్నవాడు ప్రోగ్రామరే కాదని మా మేనల్లుడు అంటాడని చెబుతుంటే బెల్లు మోగింది, మిమ్మల్ని అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాను. వచ్చింది వాడి భార్యే. ఒక ఫోన్ నంబరు నా చేతిలో పెట్టి, "ఇక మీ ఇష్టం పెద్దమ్మా" అని వెళ్ళిపోయింది. ఆ నంబరు సంగతికి వస్తాను గానీ, ముందు మావాడి కథ పూర్తి కానివ్వండి. రేపు సాయంత్రం లోపు వాడు కంపెనీకి "సరే" అనే ఒక్క మాట చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. రోజంతా వాగే ఆ నోట్లోంచి ఆ ఒక్క మాటే రావడంలేదు.

వాడు నా తమ్ముడి కొడుకు. నలభై దాటాడు. సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పని, అదంతా ఇంట్లోంచే. వాళ్ళ ఫ్లాటూ మా ఫ్లాటూ ఎదురెదురు. వాడి భార్య ఫిజియోథెరపిస్టు, పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళిపోతుంది. నేనేమో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. తిట్టడానికి పిల్లల్లేక నోరు దురద పెట్టి మధ్యాహ్నాలు వాడి గదిలో సోఫా మీద వాలిపోయేదాన్ని. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవులు నొప్పంటాడు, కాబట్టి వాడి మీటింగులన్నీ గదిలోకే వినపడతాయి. అందరూ మన భాష వాళ్ళే. ఇంక నాకేం కావాలి? టీవీ చూడటం మానేశాను.

ఆ గది మీరు చూసి తీరాలి. ఎండ పడితే తెర సరిగ్గా కనపడదని కర్టెన్లు తియ్యనివ్వడు. వాడి కంప్యూటర్ తెర నల్లగా, మీద పచ్చటి అక్షరాలు. బొమ్మలుండవు, బటన్లుండవు. "తెల్లతెర మీద పనిచేసేవాళ్ళు బట్టలకొట్లో ఉండాలత్తా" అంటాడు. కీబోర్డు మీద ఒక్క అక్షరం ఉండదు! అన్నీ బోడి మీటలే. అలాంటిది కావాలని వెతికి మరీ తెప్పించుకున్నాడు. చూసి కొట్టేవాడికి కీబోర్డెందుకు, పలకా బలపం చాలట. ఒకరోజు వాడి భార్య కరెంటు బిల్లు కడదామని ఆ కుర్చీలో కూర్చుంది. తన పేరు తాను కొట్టుకోలేక లేచి, "మొగుణ్ణి అర్థం చేసుకోవడమే సులువుగా ఉంది పెద్దమ్మా" అంది.

కంపెనీ వాళ్ళు నిలబడి పనిచేసే టేబుల్ పంపిస్తామంటే, నిలబడితే బుర్ర కాళ్ళలోకి దిగిపోతుందని వద్దన్నాడు. అన్నిటికన్నా వాడికి మంట, ఈ మధ్య వచ్చిన రాసిపెట్టే పనిముట్ల మీద. మనం నాలుగు మాటలు కొడితే మిగతా కోడ్ అదే పూరించేస్తుందట. ఆ మాటెత్తితే చాలు, ఒళ్ళంతా కారం రాసినట్టు ఎగిరేవాడు.

"నీ నోట్లో మాట ఇంకోడు పెడితే నీకు నోరెందుకత్తా?"

"నేను ఫోన్లో 'శుభ' అని కొడితే 'శుభోదయం' అని అదే వచ్చేస్తుందిరా. నాకు బానే ఉంది."

"అందుకే రాత్రి భోజనాల వేళ కూడా అందరికీ శుభోదయం పంపిస్తున్నావు."

నిజమే, పంపిస్తున్నాను. ఇలాంటి మాటలు అనడంలో వాడి తర్వాతే ఎవరైనా. వంటింట్లో డబ్బాల మీద కూడా పసుపు చీటీలు అంటించేవాడు. "ఈ మూత ఈ డబ్బాది కాదు. కారణం?" అని ఒకటి. "గరిటె తడిగా పెట్టబడింది. ఎవరు? ఎందుకు?" అని ఇంకోటి. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఎవరని అడగడమెందుకో! ఆమె వాటిని పీకి పారేసేది కాదు. ఒకరోజు వాడు నిద్రలో ఉండగా వాటన్నిటినీ తెచ్చి వాడి చొక్కా వీపుకి అంటించింది. వాడు ఆ చొక్కాతోనే కిందకి వెళ్ళి కూరలు కొనుక్కొచ్చాడు.

అసలు పని దగ్గరికొస్తాను. వాళ్ళ కంపెనీ గోదాముల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఏ పెట్టె ఏ అరలో ఉందో వెతికి చూపించేది. పదిమందీ తలా కొంచెం రాస్తారు. రాసింది తిన్నగా తీసుకెళ్ళి పెద్దదాంట్లో కలపకూడదు. ఇంకొకరు చదివి, తప్పులు చూపించి, దిద్దించి, బాగుందన్నాకే కలపాలి. ఆ చదివే మనిషి మావాడు. వాడు ఒప్పుకోనిదే ఒక్క వాక్యం లోపలికి వెళ్ళదు. వెనకాల అందరూ వాణ్ణి "గేటు" అంటారట. "గేటు లేచాడా?", "గేటు మూడ్ ఎలా ఉంది?" అని. ఆ సంగతి వాడికి తెలుసు, లోలోపల సంతోషం కూడాను. వాడు కోడ్ రాయడం మానేసి చాలా కాలమైంది. ఇతరులు రాసింది చదివి పక్కన వ్యాఖ్యలు రాయడమే పని.

ఆ వ్యాఖ్యలు! "ఈ పేర్లు పెట్టింది నిద్రలోనా, మెలకువలోనా?" అని రాసేవాడు. "ఇది చదివి నా కళ్ళు సెలవు చీటీ పెట్టాయి" అని రాసేవాడు. "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని కూడా. ఇది నా మాటండీ! చిన్నప్పుడు వాడు నా క్లాసులోనే చదివాడు, అక్కడ ఎత్తుకుపోయాడు. ఎవరి రాత తీరైనా ఉన్నట్టుండి మారితే, ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టు కనపడితే, "ఇది నువ్వు రాసింది కాదు. రాసినవాళ్ళని పంపు" అనేవాడు. రాయడం, బయటికి చదివి నాకు వినిపించడం, ఇద్దరం నవ్వుకోవడం. మధ్యాహ్నం టీ అలా గడిచిపోయేది.

ఎక్కువగా ఆ దెబ్బలు తిన్నది ఒకమ్మాయి. మూడేళ్ళ కిందట చేరింది, ఇప్పటికీ మావాడి నోట ఆమె "కొత్తమ్మాయి"యే. గొంతు సన్నగా, మర్యాదగా ఉంటుంది. ఏమన్నా "సరే సార్, మారుస్తాను సార్" తప్ప ఇంకో మాట రాదు. ఒకసారి ఆమె వారం రోజులు కూర్చుని రాసిందాన్ని మావాడు "ఇది నువ్వు రాసింది కాదు" అని తిప్పికొట్టాడు. నిజానికి ఆమే రాసింది. బాగా రాద్దామని కష్టపడింది, అందుకే తీరు మారింది. అది తర్వాత తెలిసింది లెండి.

ఆ మర్నాడు వాడి ఫోన్ మోగింది, స్పీకర్లో పెట్టాడు. నేను సోఫా మీదే ఉన్నాను. అవతల ఎవరో పెద్దావిడ.

"బాబూ, నేను ఫలానా అమ్మాయి వాళ్ళమ్మని. తను అన్నం తినట్లేదండి. మీరు తప్పులు చూపించండి, వద్దనట్లేదు. కాస్త మెల్లిగా రాయండి బాబూ, మీ చెల్లెల్లాంటిది."

"అలాగేనండి" అని పెట్టేశాడు. వాడి మొహం వెలిగిపోయింది. మర్నాడు అందరూ ఉన్న మీటింగులో ఏమన్నాడో తెలుసా?

"కొత్తమ్మాయీ, నిన్న మీ అమ్మగారు ఫోన్ చేశారు. రేపట్నుంచి కోడ్ కింద ఆవిడ సంతకం కూడా పెట్టించుకురా."

అటు నుంచి నవ్వులే నవ్వులు. నేనూ కడుపు పట్టుకున్నాను. ఆ అమ్మాయి "సరే సార్" అంది. అంతే, మళ్ళీ పని మొదలు.

ఇలా సాగుతుండగా వాళ్ళ మేనేజరు ఒక కొత్త ఊహతో వచ్చాడు. ఈ మేనేజరు గొంతులో తేనె కారుతుంది. మావాణ్ణి "గురువుగారూ" అంటాడు. అంత తియ్యగా పిలిచేవాళ్ళని నేను స్టాఫ్‌రూములో చాలామందిని చూశాను, నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మావాడికి రాలేదు.

"గురువుగారూ, ఇన్నేళ్ళుగా మీరు రాసిన వ్యాఖ్యలన్నీ ఒక మెషీన్‌కి నేర్పిద్దామనుకుంటున్నాం. ఇక మీదట గేటు దగ్గర అది ఉంటుంది. అచ్చం మీలాగే చూస్తుంది, మీలాగే చెబుతుంది. మీకు తీరిక. చక్కగా కోడ్ రాసుకోవచ్చు. మీరు రాసి చాలా రోజులైంది కదా."

ఆ చివరి వాక్యం నాకు చురుక్కుమంది. మావాడు అసలు వినలేదు. నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు.

"నా మాటలు మెషీన్‌కి అర్థమవుతాయా?"

"అర్థం కానక్కర్లేదండీ, అలవాటైతే చాలు. మన అమ్మాయే నేర్పిస్తుంది దానికి. మీ వ్యాఖ్యలు ఎక్కువ చదివింది తనే కదా."

"చేసుకోండి. కానీ ఒక షరతు" అన్నాడు మావాడు, కుర్చీలో నిటారుగా కూర్చుని. "అది కాదంటే కాదు. ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. అర్జెంటనీ, కస్టమర్ గొడవనీ పక్కనుంచి దాటించే దారి ఒక్కటి కూడా పెట్టొద్దు. పెడితే నేనొప్పుకోను."

"మీకు కూడానా సార్?" అంది కొత్తమ్మాయి.

"నాకెందుకమ్మా దారి? మూసెయ్."

"సరే సార్."

మీటింగయ్యాక అడిగాను. "ఏరా, పనిముట్లంటేనే నీకు పడదు కదా?"

"ఇది పనిముట్టు కాదత్తా" అన్నాడు. "ఇది నేను."

ఆ సాయంత్రం మిఠాయి పొట్లం తెచ్చాడు. వాడి భార్య ఒకటి నోట్లో వేసుకుని, "మీరు ఇంకొకరు తయారయ్యారా? నేను ఒక్కరితోనే వేగలేకపోతున్నాను" అంది.

కొత్త పని అప్పజెప్పేటప్పుడు మేనేజరు ఇంకాస్త తేనె పోశాడు. గోదాములో పెట్టెలు వెతికే భాగాన్ని మొదట్నుంచీ కొత్తగా రాయాలి. నెలాఖరుకల్లా అది గేటు దాటాలి. "దాటకపోతే మీ కుర్చీ ఎందుకని పైవాళ్ళు నన్నడుగుతారు గురువుగారూ, నేనేం చెప్పను? దాటుతుందనుకోండి. మీకో లెక్కా!" మావాడు హహ్హహ్హ అని నవ్వాడు. ఉద్యోగం తీసి బల్ల మీద పెడుతున్నారని తెలియలేదు పాపం. నాకు తెలిసింది. చెప్పానా? చెబితే వింటాడా?

అప్పటికే వాడి కుడి మణికట్టు పాడైపోయింది. ఎన్నో ఏళ్ళు మౌస్ ముట్టకుండా మీటలన్నీ వేళ్ళతో మెలితిప్పి కొడితే చెయ్యి ఏమవుతుంది? భార్య పట్టీ కట్టేది. రోజూ వేన్నీళ్ళలో పెట్టమనేది, వ్యాయామం చెయ్యమనేది. "లోకంలో అందరి చేతులూ పడతాను పెద్దమ్మా, ఈయన చెయ్యి మాత్రం నాకివ్వరు" అనేది. రివ్యూ చేసినన్నాళ్ళూ రోజుకి నాలుగు తిట్లు కొడితే సరిపోయేది, నొప్పి కనపడలేదు. కోడ్ రాయడం మొదలెట్టాక, సాయంత్రానికి గ్లాసు కూడా ఎడం చేత్తో పట్టుకునేవాడు.

ఆ నొప్పితో ఏం చేశాడంటే, పేర్లు కురచ చేశాడు. కోడ్‌లో ప్రతిదానికీ పేరు పెట్టాలట, పెట్టెకి 'పెట్టె' అనీ, అరకి 'అర' అనీ విప్పి రాయాలట. వాడు ఇన్నేళ్ళూ అందరి ప్రాణాలూ తీసింది ఆ పేర్ల దగ్గరే. ఇప్పుడు చెయ్యి నొప్పని తనే ఒక్కొక్క అక్షరంతో సరిపెట్టాడు. నేను భుజం మీంచి తొంగి చూసి, "ఇదేమిట్రా, ఆల్జీబ్రాలా ఉంది?" అన్నాను.

"అనుభవమున్నవాడికి అర్థమవుతుందత్తా."

మెషీన్‌కి అనుభవం లేదు మరి.

మీటింగులో తెర మీద అందరికీ కనపడేలా పెట్టారు. మెషీన్ ఏమందో బయటికి చదవడం కొత్తమ్మాయి పని.

"చదవనా సార్?"

"చదువు, చదువు."

"'ఈ పేర్లు పెట్టింది నిద్రలోనా, మెలకువలోనా?' అంటోంది సార్."

ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే మైకు కట్టేశారు.

"ఎవరది?" అన్నాడు మావాడు. నేను దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఇది దాని పొరపాటు" అన్నాడు. "ఏమైనా కలిపారా దాంట్లో?"

"లేదు సార్. అన్నీ మీరు రాసినవే. మేమేమీ కలపలేదు."

దిద్దాడు. మళ్ళీ పంపాడు. రెండు మూడు రోజులకోసారి అదే తంతు. ఓసారి వాక్యాలు పొడుగయ్యాయని తిరగ్గొట్టింది. ఓసారి ఒకే పని రెండుచోట్ల రాశాడని తిప్పికొట్టింది. ఆ రెండోసారి కొత్తమ్మాయి గొంతు సవరించుకుని, "'కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?' అంటోంది సార్" అని చదివింది.

నాకు ఆగలేదు. చప్పట్లు కొట్టేశాను. "ఒరేయ్, ఇది నాదిరా! నా మాట మెషీన్ నోట్లోకి వెళ్ళిందిరా!"

ఆ మాట మైకులోంచి అందరికీ వినపడింది. మావాడు వెనక్కి తిరిగి నావంక చూసిన చూపుందే, క్లాసులో బెంచీ ఎక్కించినప్పుడు చూసేవాడు అలా. వాడు ఇంట్లోనే ఉన్నాడు కదా, కళ్ళు ఇంట్లో పెడితే తప్పేముందని నాకింకా నవ్వొచ్చింది. పైకి అనలేదు లెండి.

నెలాఖరు దగ్గరపడింది. ఒకరోజు గొంతు తగ్గించి మేనేజర్ని అడిగాడు. "ఈ ఒక్కసారికి ఆ మెషీన్‌ని పక్కన పెట్టించండి. నా చెయ్యి బాలేదు. పని చూడండి, పేర్లు తర్వాత దిద్దుతాను."

"అయ్యో గురువుగారూ, నాదేముంది! అమ్మాయీ, చూడమ్మా."

"దారి లేదు సార్" అంది కొత్తమ్మాయి. "మూసెయ్యమన్నారు కదా, మూసేశాను. చాలా గట్టిగా మూశాను సార్." మళ్ళీ తనే, "సార్, రాసిపెట్టే పనిముట్టు వాడి చూడండి. చేతికి శ్రమ ఉండదు. మేమందరం వాడుతున్నాం" అంది.

"మీ నోట్లో మాట ఇంకోడు పెట్టనీ. నాకు అక్కర్లేదు" అని కట్టేశాడు.

ఆ తర్వాతి మంగళవారం నేను కొంచెం ముందుగా వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసుంది. తోశాను. మావాడి ఎడం చేతిలో మౌస్! పాత మౌస్, ఏ అట్టపెట్టెలోంచి తీశాడో, తీగ మీద దుమ్ము ఇంకా ఉంది. తెర మీద కోడ్ తనంతట తానే బిలబిలమని పుట్టుకొస్తోంది, మావాడు దాన్ని చూస్తూ నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే మౌస్ మీద తువ్వాలు కప్పాడు.

"ఏం చేస్తున్నావురా?"

"వాతావరణం చూస్తున్నా."

"వాన పడేలా ఉందా?"

"అత్తా, మీ కోడలికి చెప్పకు."

"నాకు వరసకి కూతురురా, కోడలు కాదు" అన్నాను. కూతురికి అన్నీ చెబుతాం కదా. సాయంత్రం చెప్పాను. ఆమె పెద్దగా నవ్వలేదు. లోపలికి వెళ్ళి తువ్వాలు తీసి మడతపెట్టి, మౌస్ తీగ మీద దుమ్ము తుడిచి, కింద ఒక మెత్తటి పలక పెట్టి వచ్చింది. వాడు మాత్రం తిట్టినదానికంటే ఎక్కువగా ముడుచుకుపోయాడు.

అలా తయారైన కోడ్ పంపిన రోజు మావాడు తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. పేర్లన్నీ నిండుగా ఉన్నాయి, వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, ఒక్క పని రెండుచోట్ల లేదు. "ఇంక దానికి వంక దొరకదత్తా" అన్నాడు. ఆ రోజే గడువు.

తెర మీద మెషీన్ కాసేపు తిరిగింది. కొత్తమ్మాయి వెంటనే చదవలేదు.

"ఏమందమ్మా?" అన్నాడు మేనేజరు.

"చదవమంటారా సార్?" అని మావాణ్ణి అడిగింది.

"చదువు."

"'ఇది నువ్వు రాసింది కాదు. రాసినవాళ్ళని పంపు.'"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కూడా. అవతల ఎవరి ఇంట్లోనో మిక్సీ తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది. మావాడు ఆ బోడి మీటల మీద చేతులు పెట్టుకుని అలాగే ఉన్నాడు. రాత తీరు ఉన్నట్టుండి మారితే ఆ మాట అనాలని వాడే కదా దానికి నేర్పించింది. ఆ అమ్మాయి విషయంలో తప్పుగా అన్నాడు, వాడి విషయంలో అది ఒప్పుగా అంది. శిష్యుడు అంత బాగా తయారవడం నా సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు.

మేనేజరు రెండు రోజులు ఊరుకుని, నిన్న కంప్యూటర్లోనే కాల్ చేశాడు. తేనె అలాగే కారుతోంది.

"గురువుగారూ, మీకో శుభవార్త. మన మెషీన్ మిగతా టీముల వాళ్ళందరికీ నచ్చింది. తప్పులు భలే పడుతోందంటున్నారు. కానీ తిట్లే... వాళ్ళు సున్నితమైన మనుషులు. ఆ వ్యాఖ్యలన్నీ మర్యాదగా తిరగరాసి, మళ్ళీ నేర్పించాలి. ఏ తిట్టు ఎందుకు తిట్టారో మీకే తెలుసు కాబట్టి, ఆ పని మీరు చేస్తే బావుంటుంది."

"నేనా?"

"మీ పాత కుర్చీ ఇక లేదు గురువుగారూ, పైవాళ్ళు వినలేదు. ఇది చేస్తానంటే ఉద్యోగం ఉంటుంది. ఎల్లుండి సాయంత్రం లోపు సరే అనండి చాలు. ఒక్కొక్కటీ మీరు రాస్తారు, మన అమ్మాయి చదివి బాగుందంటే మెషీన్‌లోకి వెళ్తుంది."

అంటే గేటు దగ్గర ఇప్పుడు కొత్తమ్మాయి.

ఆమె కూడా ఆ కాల్‌లోనే ఉంది. "సార్, మీ చెయ్యి నొప్పి కదా, మౌస్‌తోనే చేసుకునేలా స్క్రీన్ తయారు చేశాను. తెల్లతెర పెట్టాను సార్, కళ్ళకి హాయిగా ఉంటుంది. నమూనాకి ఒకటి నేనే రాశాను, చూడండి" అంది. తెర మీద ఎడంపక్కన "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని ఉంది. కుడిపక్కన "దయచేసి మరొక్కసారి చూడగలరా?" అని ఉంది. అలాంటివి కొన్ని వేలున్నాయట. కిందకి జరుపుతుంటే అయిపోవడంలేదు.

ఆ అమ్మాయి గొంతులో వెటకారం ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. పిల్లల గొంతుల్లో వెటకారం పట్టడంలో నేను ఆరితేరినదాన్ని. నలుసంత కూడా లేదు. వెటకారం ఉండుంటే మావాడు బతికిపోయేవాడు. తిట్టి, ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి, కాలర్ ఎగరేసుకుని బయటికొచ్చేవాడు.

ఈరోజు పొద్దున్నుంచీ గదిలోంచి రాలేదు. కొత్త ఉద్యోగం దొరకదా అంటారేమో. అన్నిచోట్లా ఇప్పుడు రాసిపెట్టే పనిముట్టు ముందు కూర్చోబెట్టి పరీక్ష పెడుతున్నారట. అదీ కాక, చెయ్యి ఆరు నెలలు వాడకూడదని భార్యే తేల్చి చెప్పింది. ఆ నెలలు గడవాలంటే ఇదొక్కటే దిక్కు. అది వాడికీ తెలుసు.

ఇందాక నేనూ వాడి భార్యా ఆ తలుపు బయట నిలబడ్డాం. లోపల మీటల చప్పుడు. కాసేపు టకటకమని కొడతాడు, తర్వాత ఒకటే మీట టక్ టక్ టక్ టక్. అది చెరిపేసే మీట. దాని మీద అక్షరం లేకపోయినా చప్పుణ్ణి బట్టి చెప్పేస్తాను ఇప్పుడు.

"సరే అని రాస్తున్నారు, చెరిపేస్తున్నారు" అంది ఆమె.

"ఒరేయ్! రెండక్షరాలురా. నేను ఒక్క వేలితో కొట్టి పంపించేదాన్ని."

"నాకు టైమివ్వండి" అన్నాడు లోపల్నుంచి. గొంతు చిన్నగా ఉంది. ఎనిమిదో క్లాసులో లెక్క రానప్పుడు కూడా అంత చిన్నగా పలకలేదు వాడు.

"నువ్వు చెయ్యమ్మా ఫోన్" అన్నాను నేను ఆమెతో.

"నేను చేస్తే పెళ్ళాం కాళ్ళు పట్టుకుందంటారు పెద్దమ్మా. మీరైతే పెద్దావిడ. ఏమన్నా చెల్లుతుంది."

తలుపు వెనక చప్పుడు ఆగింది. "అత్తా, నా తరఫున ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదు."

"అయితే నువ్వే చెయ్యరా."

మళ్ళీ టక్ టక్ టక్ టక్.

నేనిటు వచ్చి మీతో కబుర్లలో పడ్డాను, కాసేపటికి ఆమె బెల్లు కొట్టి ఆ నంబరు ఇచ్చి వెళ్ళింది. అది మేనేజరుది కాదు, కొత్తమ్మాయిది. పక్కనే పెట్టుకుని ఇదంతా చెబుతున్నాను మీకు. రేపు సాయంత్రం దాకా ఆగితే వాడు ఆ ఒక్క మీట అరగదీస్తాడు తప్ప పంపించడు. అది నాకు బాగా తెలుసు. రేపే అందరూ ఉన్న మీటింగులో ఆ అమ్మాయి, "సార్, మీ మేనత్తగారు ఫోన్ చేశారు" అని ఒక్క మాట అందంటే వాడి పని అయిపోతుంది. అనకపోవచ్చు కూడా. అనకపోతే వాడికి ఇంకా కష్టం.

ఇంతకీ ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకున్నాను. "అమ్మా, నేను మీ సార్ మేనత్తని. ఆ రోజు చప్పట్లు కొట్టింది నేనే. మావాడు సరేనంటున్నాడు, నా మాటగా రాసుకో. చెయ్యి నొప్పి తల్లీ, కాస్త మెల్లిగా చేయించు" అంటాను. ఆ తర్వాత, "మీ అమ్మగారు బాగున్నారా?" అని అడుగుతాను.

కళ్ళజోడు ఎక్కడ పెట్టానో... ఆ, ఇదిగో. మీరుండండి, ఫోన్ చేసేస్తాను.